ఊరేగింపు గుర్రం

నంద్యాల రైల్వే స్టేషన్ ముందు జట్కాల అడ్డాలో మద్దిలేటి అంటే తెలియనివాళ్లు లేరు. రైలు దిగి మహానందికి పోయే యాత్రికుల చెవిన ముందు పడేది అతని గొంతే. ఎవరి గుర్రం మొండికేసినా, ఎవరి గుర్రం బండి కట్టనివ్వకపోయినా అతనికే కబురు వచ్చేది. అతను నింపాదిగా వచ్చి, తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకొని, నలుగురూ చేరేదాకా ఆగి, అప్పుడు గుర్రం మీద చెయ్యి వేసేవాడు. చూసేవాళ్లు లేకపోతే అతనికి పని మీద మనసు నిలిచేది కాదు. భార్య శివమ్మ ఆ మాటే మొహాన అంటే నవ్వి ఊరుకునేవాడు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, వినాయక చవితి వెళ్లిన కొన్నాళ్లకు, ఆళ్లగడ్డ బస్సు దిగి ఒక అర్చకుడు అడ్డా దగ్గరికి వచ్చాడు. పేరు కృష్ణస్వామి. పుట్టింది అహోబిలంలో. ఆళ్లగడ్డ పక్కన నల్లవాగుపల్లెలో చిన్న నరసింహస్వామి గుడి ఉంటే అందులో పూజ చేస్తూ ఆ ఊళ్లోనే స్థిరపడ్డాడు.

“మద్దిలేటి అంటే నువ్వేనా నాయనా?”

“నేనే సామీ. మహానందికా? ఎక్కండి.”

“మహానందికి కాదు. ఒక గుర్రం సంగతి మాట్లాడాలని వచ్చాను.”

మొక్కు తీరిన భక్తుడొకాయన స్వామికి తెల్ల గుర్రాన్ని సమర్పించాడట. ఫాల్గుణంలో ఉత్సవానికి స్వామి పల్లకి ఆళ్లగడ్డ దాకా వెళ్లి వస్తుంది. ఆ పల్లకి ముందు గుర్రం నడవాలని ఆయన కోరిక. తీరా చూస్తే అది విత్తులు కొట్టని మగ గుర్రం. మేత వేసేవాణ్ణి కరిచింది. నీళ్లు పెట్టేవాణ్ణి గోడకు అదిమింది. ఇప్పుడు దాన్ని పాత ధాన్యపు కొట్టులో కట్టేసి, కిటికీలోంచి గడ్డి పడేస్తున్నారు.

“కొట్టించేస్తే సరిపోతుంది గద సామీ. మా బెల్లంగాన్ని అట్లనే కొట్టిస్తిమి. గొర్రె మాదిరి ఉంటాడు” అన్నాడు మద్దిలేటి తన ముసలి గుర్రాన్ని చూపిస్తూ.

“ఊళ్లో పెద్దలు ఒప్పుకోరు. స్వామి ముందు నడిచేదానికి అంగలోపం ఉండకూడదంటారు. పోనీ తిరిగి ఇచ్చేద్దామంటే ఇచ్చినాయన కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాడు. మధ్యలో నేను నలిగిపోతున్నాను.”

చుట్టూ అప్పటికే జట్కావాళ్లు మూగారు. మద్దిలేటి తలగుడ్డ సర్దుకున్నాడు. “నెల తిరిగేలోపల దాన్ని మేకపిల్లను చేసి మీ గుడి ముందర కడతా. పోండి సామీ, నిమ్మళంగా పడుకోండి” అన్నాడు. అందరూ నవ్వారు. కృష్ణస్వామి మాత్రం చేతులు జోడించాడు.

ఆ ఆదివారమే మద్దిలేటి నల్లవాగుపల్లెకు వెళ్లాడు. తోడుగా ప్రభుదాసు వచ్చాడు. అడ్డాలో పక్కపక్కనే బండ్లు నిలుపుకునే స్నేహితులు వాళ్లు. ప్రభుదాసు అడిగితే తప్ప మాట్లాడని మనిషి.

ధాన్యపు కొట్టు తలుపు తీసేసరికి ఊరు ఊరంతా గుడి ప్రహరీ మీదికెక్కి కూర్చుంది. లోపల చీకటి, ఉచ్చ వాసన. రెండు వైపులా మోకులతో కట్టేసిన గుర్రం తెల్లగా కనిపించీ కనిపించకుండా ఉంది. మద్దిలేటి మోకులు విప్పి, మూతికి తాడు బిగించి బయటికి లాగాడు. ఎండలోకి వచ్చిన గుర్రం కళ్లు మూసి తెరుస్తూ వణుకుతూ నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లే అతని కొంప ముంచాయి. మద్దిలేటి గుర్రానికి వీపు పెట్టి, తాడు భుజాన వేసుకొని, ప్రహరీ వైపు తిరిగాడు. “పులి అంటిరే! చూడండప్పా మీ పులి ఎట్ల...”

మాట పూర్తి కాలేదు. గుర్రం అతని ఎడమ భుజాన్ని పళ్లతో పట్టి పైకి లేపి విసిరేసింది. మద్దిలేటి గోడకు కొట్టుకొని కింద పడ్డాడు. తల మీద రెండు గిట్టలు గాల్లోకి లేచాయి. ప్రభుదాసు చేతికి దొరికిన గోనెసంచి దాని మొహాన కొట్టి కేక పెట్టాడు. గుర్రం గిర్రున తిరిగి, ఎవరూ తోలకుండానే, ఆ చీకటి కొట్టులోకి తనంతట తానే దూరిపోయింది.

భుజం కండ చీలింది, మెడ కింద ఎముక విరిగింది. నంద్యాల ఆస్పత్రిలో కట్టు కట్టి పంపించారు. మద్దిలేటి ఇంట్లో మంచం పట్టాడు. ప్రభుదాసు తన బండితోపాటు అతని బండి కూడా చూసుకున్నాడు. పరామర్శకు వచ్చినవాళ్లతో మద్దిలేటి గట్టిగానే మాట్లాడేవాడు. “కట్టు విప్పనీ, దాని సంగతి చెప్తా” అనేవాడు. వాళ్లు పోయాక గోడ వైపు తిరిగి పడుకునేవాడు. పెరట్లో బెల్లం సకిలిస్తే చాలు, ఒళ్లంతా చెమట పట్టేది. పాతికేళ్లుగా గుర్రాల మధ్య బతికినవాడికి గుర్రం సకిలింపు వింటే గుండె దడదడలాడటం ఏమిటో అతనికే అర్థం కాలేదు.

శివమ్మకు అర్థమైంది. పుట్టింట్లోనూ జట్కాయే, మెట్టినింట్లోనూ జట్కాయే. గుర్రాలకు ఉలవలు ఉడకేసి పెట్టేది ఆమె, ఇనప పళ్ల ఖరారాతో ఒళ్లు రుద్దేది ఆమె. ఒకరోజు అతనికి అన్నం పెడుతూ అడిగింది.

“ఆ పొద్దు నువ్వు ఎవురితో మాట్లాడతాంటివయ్యా?”

“జనంతో.”

“గుర్రం యాడుండె?”

“వెనకాల.”

శివమ్మ అతని కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది. మద్దిలేటి తినలేకపోయాడు. కంచం పక్కకు జరిపాడు.

“శివమ్మా, నాకు భయమైతాంది. దాన్ని తల్చుకుంటే చేతులు ఆడతాల్లేదు. ఎవురికీ చెప్పాకు.”

“నేనెందుకు చెప్తా? భయపడు, ఏం తప్పు? నీకు ముందే రొంత భయముంటే ఆ భుజం ఇరిగేది కాదు.” ఆమె కంచం మళ్లీ అతని ముందుకు తోసింది. “ప్రభుదాసన్న ఏం చెప్పినాడో తెలుసా? నిన్ను పడేసినాక అది బయటికి ఉరకలేదంట. ఆ కొట్టులోకే పోయి దాంకునిందంట. నీకన్నా దానికే ఎక్కువ భయముంది.”

మర్నాడు కృష్ణస్వామి అరటిపళ్లతో వచ్చి మంచం పక్కన పీట మీద కూర్చున్నాడు. ముసలాయన మొహం వాడిపోయి ఉంది. “నా మూలాన నీకు ఇంత కష్టం వచ్చింది. ఆ గుర్రాన్ని ఎవరికైనా ఇచ్చేస్తాను. ఎవరు తీసుకుంటారో, కొట్టి చంపుతారో నాకు తెలియదు. ఇంకో దారి కనిపించడం లేదు” అన్నాడు.

మద్దిలేటి మంచం మీద లేచి కూర్చున్నాడు. తర్వాత శివమ్మ వైపు చూసి, “దాన్ని ఆ చీకట్లోంచి తీయల్ల సామీ, ముందు. మిగతాది తరవాత చూద్దాం” అన్నాడు. మేకపిల్లను చేస్తానని మాత్రం అనలేదు.

దీపావళి నాటికి కట్టు విప్పారు. నల్లవాగుపల్లెకూ ఆళ్లగడ్డకూ మధ్య, కేసీ కాలువ పక్కన గుడికి ఒక మామిడితోట ఉంది. చుట్టూ రాతి గోడ. అందులో మద్దిలేటి చెప్పినట్టు కొట్టం వేయించారు. కొట్టానికి వెలుతురూ గాలీ బాగా వచ్చేవి. మధ్యలో ఎత్తైన అడ్డగోడ కట్టి, పైభాగంలో లావుపాటి వాసాలు బిగించారు. ఇటువైపు తెల్ల గుర్రం, అటువైపు బెల్లం. ఒకదాన్నొకటి చూసుకోవచ్చు, వాసన చూసుకోవచ్చు, కరుచుకోవడానికి మాత్రం వీల్లేదు. గాడి దగ్గరికి బయటినుంచే చెయ్యి పెట్టే కంత పెట్టారు, మేత వేయడానికి లోపలికి వెళ్లే పని లేకుండా. మద్దిలేటి, శివమ్మ తోటలోనే ఒక గుడిసె వేసుకొని మకాం పెట్టారు. గుడివాళ్లు గుర్రానికి పెట్టిన పేరు గరుత్మంతుడు. శివమ్మ నోరు తిరగక తెల్లోడు అంది. ఆ పేరే నిలిచింది.

కొత్తలో మద్దిలేటి దాని జోలికి పోలేదు. కొట్టం బయట నులకమంచం వేసుకొని, తాళ్లు పేనుతూ కూర్చునేవాడు. తెల్లోడు చెవులు వెనక్కి అణిచి గోడను తన్నేవాడు. పక్కన బెల్లం మాత్రం ఏమీ పట్టనట్టు గడ్డి నమిలేవాడు. ఆ ముసలి గుర్రం నమిలే చప్పుడు వింటూ వింటూ తెల్లోడు తన్నడం మానేశాడు. ఇన్నాళ్లూ తనలాంటి ప్రాణి ఒకటి కంటబడకుండా బతికిన గుర్రం, బెల్లం ఎటు పోతే అటు మెడ తిప్పడం మొదలుపెట్టింది.

అప్పుడు పనిలోకి దిగారు. మద్దిలేటి ఎప్పుడూ గుర్రం ఎడమ భుజం పక్కనే నిలబడేవాడు. ఎదురుగా నిలబడడు, తోక వెనక్కి పోడు, తాడు చేతికి చుట్టుకోడు. వీపు అసలే చూపించడు. మూతి మీద కొట్టడం మానేశాడు. కరవడానికి మెడ తిప్పితే మోచెయ్యి అడ్డం పెట్టేవాడు. మూతి దానికదే మోచేతికి తగిలేది, గుర్రం తెల్లబోయేది. శివమ్మ కంత దగ్గర ఉలవల బుట్టతో నిలబడి “వెనక్కి” అనేది. తెల్లోడు ఒక అడుగు వెనక్కి వేస్తేనే ఉలవలు గాడిలో పడేవి. ముందుకు తోసుకొస్తే బుట్టతో వెళ్లిపోయేది. ఆకలి దానికి ఆ మాట బాగా నేర్పింది. ఊరికే తిరగడానికి మూతికి మెత్తటి నూలు తాడు, పనికి సన్నటి గొలుసు ఉన్న తోలుపట్టా. గొలుసు చప్పుడైతే పని వేళ అని తెల్లోడికి తెలిసిపోయింది.

రోజూ పొద్దున్నే కాలువ గట్టు మీద బెల్లాన్ని పట్టుకొని శివమ్మ ముందు, తెల్లోణ్ణి పట్టుకొని మద్దిలేటి వెనక. మొదట్లో అతని చెయ్యి వణికేది. వణుకు తాడు గుండా గుర్రానికి చేరేది. శివమ్మ వెనక్కి తిరక్కుండానే, “ఊపిరి బిగబట్టినావు. వదులు” అనేది. వదిలేవాడు. గుర్రమూ వదిలేది.

ఒక సాయంత్రం కృష్ణస్వామి ప్రసాదం తెచ్చి, అరచేతిలో బెల్లంముక్క పెట్టుకొని తెల్లోడి దగ్గరికి నడిచాడు.

“సామీ! ఆగండి. చేత్తో పెట్టాకండి” అని మద్దిలేటి అరిచాడు.

“కిటికీలోంచి రోజూ నేనే పెట్టేవాణ్ణి కదా. నామీద దానికి ప్రేమ.”

“అది ప్రేమ కాదు సామీ. చెయ్యి కనపడితే తినేదే అనుకుంటాది. బెల్లం ల్యాకుంటే చెయ్యి తింటాది. గాడిలో ఎయ్యండి.”

ముసలాయన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకొని, తర్వాత పకపకా నవ్వాడు. “అంటే దీనికి కరవడం నేర్పిన గురువును నేనేనన్నమాట.” బెల్లంముక్క గాడిలో వేసి, కొంచెం దూరంలో రాయి మీద కూర్చొని సంధ్యావందనం చేసుకొని, అలవాటుగా నృసింహ స్తోత్రం ఎత్తుకున్నాడు. గొంతు సన్నదే గానీ ఏటవాలు కాలువలో నీళ్లలా సాగుతుంది. తెల్లోడు గడ్డి నమలడం ఆపాడు. ఒక చెవి అటు తిప్పాడు. కాసేపటికి తల కిందికి దించి, వెనక కాలు ఒకటి వదులుగా వేశాడు. మద్దిలేటి శివమ్మను మోచేత్తో పొడిచాడు. అది ఒళ్లు వదిలేసి నిలబడటం వాళ్లిద్దరూ చూడటం అదే మొదలు.

“సామీ, రోజూ వస్తారా?” అని అడిగాడు మద్దిలేటి.

ఆనాటినుంచి ఆయన సాయంత్రం పారాయణం తోటలోకి మారింది. సంక్రాంతి వెళ్లేసరికి కాలువ గట్టు మీద ఆయన కూడా నడుస్తున్నాడు, నడుస్తూ పాడుతున్నాడు. అటువైపు పొలాలవాళ్లు గుర్రానికి వేదం చెప్పిస్తున్నారని చెప్పుకొని నవ్వుకున్నారు.

మిగిలినవి రెండు సంగతులు. ఒకటి డప్పులు. తెల్లోడు మేత తినేటప్పుడు శివమ్మ తోట చివర నిలబడి ఇత్తడి తాంబాళం కొట్టేది. తిండి ఆపకపోతే ఇంకో రెండు చెట్లు దాటి దగ్గరికి వచ్చేది. ఆపితే వెనక్కి పోయేది. చివరికి డప్పులవాళ్లనే పిలిపించి గోడ అవతల వాయించమన్నారు. రెండోది ఆడ గుర్రం. ప్రభుదాసు బండికి కట్టేది ఆడ గుర్రమే. వీలున్నప్పుడల్లా అతను నంద్యాల నుంచి దాన్ని తోలుకొచ్చి కాలువకు ఆవలి గట్టున నడిపించేవాడు. తెల్లోడు మెడ విల్లులా వంచి, నేల గీరి, తోట దద్దరిల్లేలా సకిలించేవాడు. మద్దిలేటి లాగేవాడు కాదు. కొట్టేవాడు కాదు. గుండ్రంగా తిప్పి, “వెనక్కి” అని, ఒక అడుగు వెనక్కి వేయించి, మళ్లీ నడిపించేవాడు. తెల్లోడి ముక్కుపుటాల అంచున నీలగిరి తైలం కాస్త పూస్తే ఆ ఘాటుకు వాసన తెలియదని ప్రభుదాసే చెప్పాడు. ఎవరూ అడగకుండా అతను చెప్పిన మాట అదొక్కటే.

ఫాల్గుణం వచ్చింది. ఉత్సవానికి ముందు మద్దిలేటి ఊరి పెద్దల దగ్గరికి వెళ్లి, గుర్రం చుట్టూ పెద్ద మోకు పట్టుకొని మనుషులు నడవాలనీ, మోకు లోపలికి ఎవరూ రాకూడదనీ, పల్లకి బాగా వెనక ఉండాలనీ అడిగాడు.

“ఏంరా మద్దిలేటీ, ఇంతకు ముందు ఒంటిచేత్తో పట్టేవాడివంట కదా” అని ఒకాయన ఎకసెక్కం చేశాడు.

“పట్టినా. ఆ చెయ్యి ఇదే, పైకి లేయడం ల్యా” అన్నాడు మద్దిలేటి నవ్వుతూ.

మెడలో పూలదండ, వీపున పట్టుబట్టతో తెల్లోడు పల్లకి ముందు బయలుదేరాడు. డప్పులు మోగాయి. మోకు ఒక అంచున శివమ్మ, ఇంకో అంచున ప్రభుదాసు. గుర్రానికి వినిపించేంత దగ్గరలో కృష్ణస్వామి పాడుతూ నడిచాడు. ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల కూడలి దాకా ఏ గొడవా లేదు. అక్కడ, సందులోంచి పెళ్లివాళ్ల జట్కా ఒకటి ఉన్నట్టుండి ఎదురొచ్చింది. బండికి కట్టింది ఆడ గుర్రం, ఎదకు వచ్చి ఉంది. తెల్లోణ్ణి చూసి పిలిచింది.

తెల్లోడి ఒళ్లు బిగుసుకుంది. గొంతు చించుకొని సకిలించి ముందుకాళ్లు గాల్లోకి లేపాడు. జనం కెవ్వుమన్నారు. మద్దిలేటి కళ్ల ముందు ఒక్క క్షణం ఆ ప్రహరీ గోడ కనిపించింది. కానీ చేతులు నెలల తరబడి చేసిన పనిని వాటంతటవే చేశాయి. తాడు వదులు చేశాడు. గిట్టల కింద నుంచి భుజం పక్కకు జరిగాడు. గుర్రం కాళ్లు నేలకు ఆనగానే తల తనవైపు తిప్పి గుండ్రంగా నడిపించాడు.

“వెనక్కి.”

తెల్లోడు వినలేదు. మద్దిలేటి మళ్లీ తిప్పాడు. శివమ్మ గట్టిగా అరవకుండానే జనాన్ని వెనక్కి తోస్తోంది. ప్రభుదాసు ఉరికి పెళ్లి జట్కా గుర్రాన్ని పట్టి సందులోకి మళ్లించాడు. కృష్ణస్వామి గొంతు ఒక్కసారి తడబడి, మళ్లీ అందుకుంది.

“వెనక్కి, తెల్లోడా.”

ఒక అడుగు. ఇంకొకటి. గుర్రం ముక్కుపుటాలు ఎగరేస్తూ, ఒళ్లంతా చెమటతో నిలబడింది. ఒక చెవి సందు వైపు ఉంది. కాసేపటికి ఆ చెవి మెల్లగా మద్దిలేటి వైపు తిరిగింది. అతను దాని మెడ మీద చెయ్యి వేసి, “పోదాం పా” అన్నాడు. నడిచింది.

ఎవరో చప్పట్లు కొట్టారట. మద్దిలేటికి వినిపించలేదు. రాత్రికి శివమ్మ చెబితే తెలిసింది.

వాళ్లు తోట వదిలి మళ్లీ నంద్యాలకు కాపురం మార్చలేదు. ఉత్సవం అయ్యాక గుడివాళ్లు ఉండిపొమ్మన్నారు. స్టేషన్ ముందు ఆటోలు వచ్చి జట్కాలు పలచబడ్డ రోజుల్లో ప్రభుదాసు కూడా తన ఆడ గుర్రంతో అప్పుడప్పుడు వచ్చి తోటలో వారాల తరబడి ఉండిపోయేవాడు. రుద్రవరం వైపు రైతులు ఆడ గుర్రాలను జత కట్టించడానికి తెల్లోడి దగ్గరికి తోలుకొచ్చేవారు. దానికి మద్దిలేటి వేరే పట్టా, వేరే చోటు పెట్టాడు. ఏ పట్టా వేస్తే ఏ పనో తెల్లోడు ఎప్పుడూ పొరపాటు పడలేదు. కుర్రకారు ఎవరైనా గుర్రం నేర్చుకుంటామని వస్తే, మద్దిలేటి ముందు చొక్కా తీసి భుజం చూపించేవాడు. సిగ్గుపడేవాడు కాదు.

ఎనభై నాలుగులో ఉత్సవం ముందురోజు మద్దిలేటికి చలిజ్వరం వచ్చింది. లేవబోయి మంచం మీదే కూలబడ్డాడు. గుర్రాన్ని ఎవరు పడతారని పెద్దలు తోటకు వచ్చారు.

“నేను పడతా” అంది శివమ్మ.

“ఆడమనిషివి, స్వామి ముందర గుర్రం పట్టుకొని...” అని ఒకాయన నసిగాడు. అందరూ కృష్ణస్వామి వైపు చూశారు. అప్పటికి ఆయనకు చూపు మందగించింది, చేతికర్ర వచ్చింది.

“శాస్త్రం సంగతి నేను తర్వాత వెతుకుతాను. ఇప్పుడు ఆ గుర్రం ఎవరి మాట వింటుందో అది చెప్పండి” అన్నాడు ఆయన.

శివమ్మ కొంగు నడుముకు దోపి గొలుసు పట్టా అందుకుంది.

పల్లకి తోట ముందు నుంచే పోతుంది. మద్దిలేటి దుప్పటి కప్పుకొని గేటు దాకా వచ్చి, రాతి స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడు. డప్పులు దగ్గరయ్యాయి. వయసు మీరి ఒళ్లు పాలమీగడ రంగుకు తిరిగిన తెల్లోడు మెడ వంచి ఠీవిగా వచ్చాడు. ఎడమ భుజం పక్కన శివమ్మ, ఎర్రంచు చీరలో, గుర్రంతో అడుగు కలుపుతూ వచ్చింది. మద్దిలేటి ఆమె అడుగులే చూస్తూ ఉండిపోయాడు. కృష్ణస్వామి పాడుతూ వచ్చి, గేటు దగ్గర అతని గొంతు వినబడక తడుముకొని, “ఉన్నావా నాయనా?” అని అడిగాడు.

“ఉండా సామీ. చూస్తాండా.”

పొద్దుగూకేలోపే శివమ్మ తిరిగి వచ్చింది. తెల్లోడికి చెమట తుడిచి, నీళ్లు పెట్టి, గడ్డి వేసి, అప్పుడు అరుగు మీద కూలబడి కాళ్లు చాపుకుంది. మద్దిలేటి జ్వరంతోనే లేచి పెరుగన్నం కలిపి తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

“ఎట్ల నడిచినాడు?” అన్నాడు.

“వాడు బాగనే నడిచినాడు. నా కాళ్లే పోయినాయి” అంది శివమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంటూ. “ఆళ్లగడ్డ రోడ్డు మింద కొత్త కంకర పరిచినారు, ఎంత పదునో! వచ్చే ఏడు కూడా నేనే పడతా. జొరం తగ్గినాక నంద్యాలకు పోయి నాకు మంచి చెప్పులు తేపో.”

“నేను బాగుంటే?”

“బాగుంటే మోకు పట్టు.”

మద్దిలేటి నవ్వబోతే దగ్గొచ్చింది. ఆమె పాదం తన ఒళ్లోకి తీసుకొని, దీపం దగ్గరికి జరిపి, అరికాల్లో దిగిన కంకర పలుకులు ఒక్కొక్కటే తీయసాగాడు.